కాలికి తెలిసిన గాలి

సంచీ సర్దాను. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, సబ్బుపెట్టె, తలనొప్పి మాత్రలు. దుప్పటి మడతలో గాలి కొలిచే గేజీ. లారీ నడిపే మా మనవడు నాలుగు రోజుల లోడుతో బయలుదేరుతున్నాడు. ఆ గేజీని నేను సంచీలో పెట్టడం, వాడు తీసి కిటికీ గట్టు మీద పడెయ్యడం ఈ నెలలో ఇది మూడోసారి.

"నానమ్మా, ఈ పెన్ను ఎవరికి ఉత్తరం రాయడానికే?" అంటాడు. చూడడానికి పెన్నులాగే ఉంటుంది లెండి.

బాగా ఆలోచిస్తే వాడిదే నిజమనిపిస్తోంది. లారీ టైర్లలో గాలి కొలిచి చూసేంత తెలివితక్కువ పని ఈ లోకంలో మరొకటి లేదు! మనిషికి కాలు ఎందుకుంది? టైరును తన్నాలి. ధబ్‌మంటే గాలి ఉన్నట్టు. తన్నినవాడు 'అబ్బా' అంటే ఇంకా బాగా ఉన్నట్టు. ఇంతకన్నా శాస్త్రం ఏం కావాలి?

మా ఇంట్లో ఈ విద్య వంశపారంపర్యం. మా ఆయనా లారీ డ్రైవరే. లారీలు ఆగేచోట ఆయన్ని 'కాలి డాక్టరు' అనేవారు. పక్క లారీలవాళ్ళు కూడా పిలిచి మరీ తన్నించుకునేవారు, టైర్లని. ఆయన నడుం మీద చేతులు వేసుకుని, ఒక్క తన్ను తన్ని, కళ్ళు మూసుకుని "నూట ఎనిమిది" అనేవాడు. నూట ఏడూ కాదు, నూట తొమ్మిదీ కాదు! అది నిజమో కాదో ఎవరైనా కొలిచి చూశారా అని అడక్కండి. డాక్టరుని అనుమానించే అలవాటు మా రోజుల్లో లేదు.

ఇక గాలి కొట్టేవాడి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఖాళీ లారీకీ అదే అంకె, ఇనప కడ్డీలు నింపుకున్న లారీకీ అదే అంకె. ముందు చక్రానికీ అంతే, వెనక చక్రానికీ అంతే. సమానత్వం అంటే అదీ! ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏం బాబూ, బరువెంతో అడగవా?"

"అడిగితే గాలి మారుతుందా అమ్మా? అందరికీ పెట్టేదే పెట్టా. ఇంతవరకూ ఎవరూ తిరిగొచ్చి తిట్టలేదు."

తిరిగొచ్చి! పాపం, ఎంత నిజాయితీగా చెప్పాడో చూడండి.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, కూడబలుక్కుంటూ చదివిన మొదటి పుస్తకం మా ఆయన లారీతో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చినదే. నా చేతికి వచ్చేనాటికి దాని ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. డ్రైవరు సీటు వెనక పట్టుచీరలా దాచిపెట్టారు! అందులో హీరో లేడు, ప్రేమ లేదు. ఒక పట్టిక ఉంది. ఎడమవైపు ఇరుసు మీద పడే బరువు, కుడివైపు దానికి పెట్టవలసిన గాలి. బరువు పెరిగితే గాలి పెంచాలట. టైరు మీద అచ్చేసిన అంకె, ఆ టైరు మోయగలిగినంతా మోసేటప్పటిదట. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలట. ఎన్ని 'అట'లో! ఇవన్నీ పాటిస్తే మనిషి డ్రైవరవుతాడా, గుమాస్తా అవుతాడా?

వెనక జోడు టైర్లు చూశారా? బయటిది అందరికీ కనిపిస్తుంది, తన్నులు తింటుంది. లోపలిదాని వాల్వు అందుకోవాలంటే మోచెయ్యి దాకా మసి. అందుకని దాని జోలికి ఎవరూ పోరు. అది నీరసపడితే దాని బరువు కూడా బయటిదే మోస్తుంది. పైకి మాత్రం గుండ్రంగా, నవ్వుతూనే కనిపిస్తుంది. ఇందులో వింతేముంది? ఏళ్ళ తరబడి కాపురం చేసిన ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది!

అన్నిటికన్నా గొప్పది మధ్యాహ్నం విద్య. ఎండలో నాలుగు గంటలు పరిగెత్తాక టైరు కాలుతుంది, లోపల గాలి పొంగుతుంది. పొంగనివ్వాలట, ముట్టుకోకూడదట. పుస్తకం మాట! మన ఉద్దండులు ఊరుకుంటారా? బండి ఆపి, పుల్లతో వాల్వు నొక్కి, ఉస్సుమని వదిలేస్తారు. టైరూ తేలికపడుతుంది, మనసూ తేలికపడుతుంది. గాలి తగ్గి టైరు ఇంకా వేడెక్కితే? ఇంకాస్త వదలొచ్చు! మా ఆయన ఇందులో దిట్ట. ఆ రోజు నాలుగు టైర్లకి వదిలాడని, వెనక లారీ డ్రైవరు తరవాత మా ఇంటికొచ్చి చెప్పాడు.

ఇంత విద్య ఇంట్లో పెట్టుకుని, ఈ పొద్దున నాకు పాడుబుద్ధి పుట్టింది. సర్దిన సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను.

"పది టైర్లూ కొలిచి, పది అంకెలూ కాగితం మీద రాసుకురా. అప్పుడే సంచీ."

"నానమ్మా, నాకు ముప్పై ఏళ్ళొచ్చాయే!"

"అయితే అంకెలు రాయడమూ వచ్చే ఉంటుంది."

వెళ్ళాడు. రెండు నిమిషాల్లో వచ్చాడు. కాగితం మీద పదిసార్లు నూట పది.

"చేతులు చూపించు."

చూపించాడు. అప్పుడే స్నానం చేసినట్టు తళతళలాడుతున్నాయి.

"లోపలి టైర్లు నాలుగూ కొలిచిన చేతులేనట్రా ఇవి? మీ తాత కాలితోనైనా కొలిచేవాడు. నువ్వు కళ్ళతోనే కానిచ్చావా?"

"టైముకి చేరకపోతే ఓనరు నన్ను తంతాడే!"

"తన్ననీ. నీలో గాలి ఎంతుందో తెలుస్తుంది."

గొణుక్కుంటూ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి అరగంట పట్టింది. మోచేతుల దాకా మసి. కాగితం మీద తొమ్మిది అంకెలు నూటికి కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. ఏడోది నలభై రెండు. ఎడమవైపు, లోపలి టైరు.

"బయటిది తన్నితే బాగానే మోగింది నానమ్మా," అన్నాడు మెల్లిగా.

చూశారుగా, కొలిస్తే వచ్చే నష్టం! ఇప్పుడు ఆ టైరు ఊడదీయాలి, ఎక్కడ మేకు దిగిందో వెతకాలి, మళ్ళీ బిగించాలి. మూడు గంటలు ఆలస్యం. ఓనరు ఫోన్లో అరుస్తున్నాడు. సంచీ ఇంకా నా ఒళ్ళోనే ఉంది. అందుకే చెబుతున్నాను, కొలవకండి.

మా ఆయన ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ కింద, మే నెల తొమ్మిదో తారీకున, పది టైర్లూ తన్ని చూసుకుని, పొద్దున ఆరున్నరకల్లా బయలుదేరాడు. తిరిగి రాలేదు.