మడత నలగని నీలం టీషర్టు

కార్యాలయ వార్షికోత్సవానికి సిబ్బంది యావన్మందీ టీషర్టులు ధరించి రావలెనని ఉత్తర్వు వెలువడింది. క్రమశిక్షణకు భంగం కలగకుండా సరదాగా ఉండవలెనని కూడా అందులోనే ఉంది. ఆనాటి సభలో ‘టీషర్టు: ఎంపిక, సంరక్షణ’ అనే విషయంపై ప్రసంగించే గౌరవం రికార్డుల సెక్షను సూపరింటెండెంటు గారికి దక్కింది. ఆయనకు కాక ఇంకెవరికి దక్కుతుంది చెప్పండి?

టీషర్టు కొనడానికి ఆయన కొట్లో అడుగుపెట్టారంటే గుమాస్తాలు మంచినీళ్లు తాగి సిద్ధపడతారు. మెడపట్టీ సాగదీసి వదిలి, అది యథాస్థానానికి వస్తుందో రాదో చూస్తారు. గుడ్డను లైటుకు అడ్డం పెట్టి, అవతల గుమాస్తా మొహం కనిపిస్తే పక్కన పడేస్తారు. తిరగేసి కుట్లు లాగుతారు. వెంట వచ్చిన ఇల్లాలు కాళ్లు పీకి స్టూలు మీద కూలబడ్డాక, పక్క కొట్లో కూడా చూద్దామంటారు. ఆయనగారి నీలం టీషర్టు ఇన్ని పరీక్షలూ నెగ్గి ఇంటికొచ్చిన ఘనత గలది.

వచ్చాక దాని వైభోగమే వేరు. తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి. మెలిపెట్టి పిండకూడదు. నీడలో పరిచి ఆరబెట్టాలి. హ్యాంగరుకు తగిలిస్తే భుజాలు సాగుతాయి కనుక మడతపెట్టి బీరువాలో పడుకోబెట్టాలి. ముక్కిపోయిన వాసన పడుతుందన్న అనుమానం వచ్చినప్పుడల్లా ఇవన్నీ ఆయనే స్వహస్తాలతో చేసేవారు. వేసుకోవడం మాత్రం చేసేవారు కాదు. అంత మంచి గుడ్డ, ఊరికే వేసుకుని పాడుచేసుకుంటామా? మంచి సందర్భం రావాలి. పెళ్లిళ్లు వచ్చాయి, విహారయాత్రలు వచ్చాయి. అవేవీ ఆ నీలానికి తగినవి కావని తేలింది.

అందాకా ఇంట్లో చంక కింద గాలాడే పాత టీషర్టే గతి. దాని మీద ఒకప్పుడు బొమ్మ ఉండేది. అది పులో పడవో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. ఒకసారి ఇల్లాలు దాన్ని నేల తుడిచే బకెట్లో వేస్తే, ఆయన బయటికి తీసి, జాడించి, ఆరీ ఆరకముందే మళ్లీ తొడుక్కున్నారు.

వార్షికోత్సవం నాటి ఉదయం నీలం టీషర్టు బీరువా దిగింది. తల దూరింది, చేతులు దూరాయి. పొట్ట దగ్గరికొచ్చేసరికి గుడ్డ ఇంక కదలనంది. ఊపిరి బిగబట్టి లాగినా బొడ్డు దాకా రాలేదు.

“ఉతుకుల్లో కుంచించుకుపోయిందే,” అన్నారు నీరసంగా.

“అది కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉందండీ,” అంది ఇల్లాలు. “మీరే లేరు.”

పాతది వేసుకెళితే పరువు పోతుంది. అసలు వెళ్లకపోతే ఆ ప్రసంగం డిస్పాచి సెక్షనాయన కొట్టేస్తాడు. ఏమైతే అయిందని రోజూ వేసుకునే ఇస్త్రీ చొక్కాయే తొడుక్కుని, నీలాన్ని మళ్లీ మడతపెట్టి చంకన పెట్టుకుని వేదికెక్కారు. చొక్కా చూసి సభలో గుసగుసలు మొదలయ్యాయి.

“సోదర సోదరీమణులారా, టీషర్టును వేసుకుని ఎవరైనా చూపిస్తారు. కొన్ననాటి నుంచి ఒక్కరోజు కూడా వేసుకోకుండా చూపించడమే సంరక్షణ,” అంటూ మడత విప్పకుండా పైకెత్తి చూపించారు.

ఒక్కొక్కరూ తమ మెడపట్టీలు తడుముకున్నారు. వేసుకుని ఎంత తప్పు చేశామా అని సిగ్గుపడ్డారు. ఆపైన చప్పట్లు మార్మోగాయి. పై అధికారి గారు కళ్లు తుడుచుకుని అక్కడికక్కడే ఉత్తర్వు ప్రకటించారు. వచ్చే ఏటి నుంచి టీషర్టులు మడతపెట్టి చేతబట్టుకుని రావలెను. తొడుక్కుని వచ్చినవారు సంజాయిషీ ఇచ్చుకోవలెను.

ఆ సాయంత్రం నీలం టీషర్టు సగౌరవంగా బీరువా చేరింది. ఎలాగూ పట్టదు కదా, ఎవరికైనా ఇచ్చేద్దామంది ఇల్లాలు. సన్నబడ్డాక వేసుకుంటానని చెప్పి, సూపరింటెండెంటు గారు పాతది తొడుక్కుని కుర్చీలో హాయిగా వాలారు.

ఇది విని నవ్వేవాళ్లూ ఉన్నారు. నవ్వండి, ఎవరు కాదన్నారు? కాకపోతే ముందు కుడిచెయ్యి కాస్త పైకెత్తి, మీ చంక కింద గాలాడుతోందేమో ఒకసారి చూసుకోండి.