మామగారి నవ్వుకి మూడు పెట్టెలు

ఆ రోజు అత్తగారి పుట్టినరోజు. సాయంత్రం అందరూ ఆవిడ ఇంట్లో చేరాలి, టీవీలో మామగారి నవ్వు వినిపించాలి. పొద్దున్నే లేచి అల్లుడు వేసుకున్న పథకం ఇదే. కిందటేడు పోయిన మామగారు ఒక జోకు చెప్పబోయి, చెప్పకుండానే పడీ పడీ నవ్విన వీడియో అది. తీసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది. "బహుమతులూ గిహుమతులూ వద్దు అల్లుడుగారూ, ఒక్కసారి ఆ నవ్వు వినిపించండి, చాలు" అంది అత్తగారు.

అల్లుడి ఉద్యోగం కంపెనీల డేటాను భద్రంగా దాచిపెట్టడం. ఆఫీసు పద్ధతిని ఇంటికీ పట్టుకొచ్చాడు మహానుభావుడు. నవ్వుకి రహస్య తాళం వేసి మూడు కంప్యూటరు పెట్టెల్లో దాచాడు. ఒకటి తన ఇంట్లో, ఒకటి తోడల్లుడి ఇంట్లో, ఒకటి అత్తగారింట్లో బామ్మర్ది గదిలో. ఒక పెట్టెలో ఏం మారినా మిగతా రెండూ ఇంటర్నెట్లో చూసి తామూ అలాగే మారిపోతాయి. నవ్వుకి తాళమేమిటని భార్య అడిగితే "పద్ధతి పద్ధతే" అన్నాడు.

"ఏవండీ, పెట్టె నిండిపోయినట్టుంది, ఎర్ర లైటు వెలుగుతోంది" అంది భార్య.

"అదెంత పని!" అంటూ పెద్ద ఫైళ్లను కుదించే ప్రోగ్రాము నొక్కి, తలస్నానానికి వెళ్లాడు.

తాళం వేసిన ఫైలు పైకి చూస్తే అర్థంపర్థం లేని చెత్తకుప్ప. ప్రోగ్రాము కూడా దాన్ని చెత్తే అనుకుంది. కొంత ఊడ్చింది, కొంత దిద్దింది. అలాంటి ఫైల్లో ఒక్క ముక్క మారినా తాళంచెవి తిరగదు. అల్లుడు వచ్చి చూస్తే పచ్చ లైటు వెలుగుతోంది, నవ్వు మాత్రం తెరుచుకోవడం లేదు.

తోడల్లుడికి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మీ పెట్టె ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది తమ్ముడూ! ఇప్పుడే పచ్చ లైటొచ్చింది. నీదీ నాదీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయట."

"అదే అన్నయ్యా నా ఏడుపు!"

ఇక మిగిలింది బామ్మర్ది పెట్టె. నెల్లాళ్లుగా అది ఆపేసే ఉంది. బద్ధకానికి బ్రాండ్ అంబాసిడర్‌వి నువ్వంటూ నిన్ననే వాడికి గడ్డి పెట్టాడు. ఇప్పుడు ఆ బద్ధకమే దిక్కు. ఆ పెట్టె ఆన్ చేస్తే అదీ గోవిందా! ఫోన్ చేస్తే అత్తగారి నంబరు బిజీ, బామ్మర్ది ఎత్తడు. అల్లుడు తల కూడా సరిగ్గా తుడుచుకోకుండా, మెళ్లో తువాలుతోనే స్కూటరెక్కాడు.

గుమ్మంలోనే అత్తగారు నవ్వుతూ ఎదురొచ్చింది. "రండి అల్లుడుగారూ! మీరు కంగారు పడుతున్నారని పెద్దల్లుడు ఫోన్ చేశాడు. మా పెట్టె ఆన్ చేస్తే అంతా సర్దుకుంటుందన్నాడు. మావాడు అప్పటికే ఆన్ చేసేశాడు!"

అల్లుడు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "అత్తయ్యగారూ, ఆయన నవ్వు నేనే పోగొట్టాను. నన్ను క్షమించండి" అన్నాడు.

ఆవిడ నవ్వు మాయమైంది.

బామ్మర్ది గదిలోంచి తల బయటపెట్టాడు. "బావా, నువ్వు తిట్టావని పొద్దున్నే లేచి మరీ ఆన్ చేశాను. అయినా ఎర్ర లైటే. ఇంటర్నెట్ లేదంటోంది."

అల్లుడు దిగ్గున లేచాడు. "దాని ఇంటర్నెట్ వైరేదిరా?"

బామ్మర్ది నసుగుతూ బాల్కనీ వైపు చూశాడు. అక్కడ ఈ కొస నుంచి ఆ కొసకి నల్లటి వైరు, దాని నిండా సాక్సులు. "బట్టలారేసుకోడానికి తాడు దొరక్క... తిట్టకు బావా!"

బావ తిట్టలేదు. వెళ్లి వాణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. వాడికి భయం రెట్టింపైంది.

సాయంత్రం ఆ పెట్టెను టీవీకి తగిలించారు. తాళంచెవి తిరిగింది. మామగారు పడీ పడీ నవ్వారు, చూసి అందరూ నవ్వారు. అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, "ఇంతకీ ఆ జోకేమిటో ఈయన ఇప్పుడూ చెప్పలేదు" అంది. మళ్లీ పెట్టించుకుంది.

"ఇక వైరు తగిలించేయనా బావా?" అన్నాడు బామ్మర్ది, బుద్ధిగా సాక్సులు తీస్తూ.

అల్లుడు లేచి వెళ్లి, పొద్దున్నుంచీ మెళ్లోనే ఉన్న తువాలు తీసి ఆ వైరు మీద ఆరేశాడు.