హైమావతి పెంచిన బ్లాగు

మజ్జి హైమావతి రాసే బ్లాగుకు చదివేవాళ్ళు తగినంతమంది కాగానే, నిబంధన ప్రకారం, ఆ బ్లాగు ఒక సోమవారం ఉదయం సంచీ పట్టుకుని రామన్నవలసలోని ఆమె ఇంటికి కాపురానికి వచ్చేసింది. హైమావతి గ్రైండరు ఆపి తలుపు తీసింది. గుమ్మంలో మోకాలెత్తున, లేత నీలం రంగులో, ఒంటినిండా ఆమె రాసిన అక్షరాలతో అది నిలబడి ఉంది. వెంట వచ్చిన బ్లాగుల కార్యాలయం మనిషి ఆమె చేత సంతకం పెట్టించుకుని, "నీళ్ళూ అన్నం అక్కర్లేదమ్మా, మీరు రాసే టపాలు పెడితే చాలు. గుమ్మం ఎత్తు చూసుకోండి, పెరుగుద్ది" అని చెప్పి, పక్కవీధిలో ఇంకో బ్లాగును దింపడానికి వెళ్ళిపోయాడు.

హైమావతిది బస్టాండులో బస్సుల వేళలు మైకులో చెప్పే ఉద్యోగం. రోజంతా అవే ఊళ్ళ పేర్లు, అదే గొంతు. సాయంత్రాలు మాత్రం ఊరంతా తిరిగి, చేత్తో రాసిన దుకాణం బోర్డుల గురించి రాసేది. ఫ్లెక్సీలు కమ్మేయగా మిగిలిన బోర్డులవి. కిళ్ళీకొట్టు బోర్డు మీద గుడిదీర్ఘం కొస తమలపాకు తొడిమలా ఎందుకు వంగిందో, పళ్ళ డాక్టరు బోర్డులో 'ప' ఎందుకు నోరు తెరిచినట్టుందో ఆమె రాస్తే, ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాళ్ళు కూడా తల పైకెత్తి చూసి వచ్చేవారు.

బ్లాగు నెమ్మదైనది. ఫ్రిజ్ పక్కన పడుకునేది. పొద్దున్నే లేచి "కొత్తది ఉందా అమ్మా?" అని మర్యాదగా అడిగేది, లేదంటే మారుమాట్లాడకుండా వెళ్ళి కూర్చునేది. ఆమె భర్త గణపతిరావు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఆయనకు దాని వల్ల ఇబ్బందేమీ కలగలేదు. పేపరు చదువుతూ కాలు చాపుకునే చోటు మాత్రం కొంచెం మార్చుకున్నాడు.

బ్లాగుల కార్యాలయంలో రెండు టేబుళ్ళున్నాయి. నిలకడ విభాగం టేబులు దగ్గర రౌతు సన్యాసిరావు కూర్చుంటాడు. టపా అనుకున్న రోజుకు పడిందా లేదా అన్నది ఆయన పని. నాణ్యత విభాగం టేబులు దగ్గర పంతుల విశాలాక్షి కూర్చుంటుంది. పడిన టపాలో ఏమైనా ఉందా లేదా అన్నది ఆమె పని. ఇద్దరికీ కలిపి ఒకటే ఫ్యాను. అది ఎవరివైపు తిరగాలన్న విషయంలో తేడా వచ్చి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ప్రతి బ్లాగుకూ ఇద్దరి సంతకాలూ పడాలి. ఏ ఒక్కటి లేకపోయినా బ్లాగును కార్యాలయం వెనక షెడ్డులోకి తరలిస్తారు.

ఆ రోజుల్లో హైమావతి శంబంగి కామేశు గురించి రాయాలని పట్టుదలగా ఉంది. ఊళ్ళో సగం బోర్డులు ఆయన రాసినవే. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుని బళ్ళకు నంబర్లు వేస్తున్నాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన అసలు మాట్లాడలేదు. రెండోసారి కుంచె ఆమె చేతికిచ్చి అడ్డగీత గీయమన్నాడు. గీత చూసి నవ్వాడు. మూడోసారి 'క' గురించి చెప్పాడు. చెప్పడం మొదలుపెడితే ఆయన దగ్గర బోలెడుంది. ఈలోగా టపా పడాల్సిన సోమవారాలు గడిచిపోయాయి. బ్లాగు చిక్కిపోయి చెప్పుల జత అంతయింది. గణపతిరావు ఒకసారి చూసుకోక దానిమీద కూర్చోబోయాడు.

సన్యాసిరావు కొలబద్ద పట్టుకుని వచ్చాడు.

"ఇదేటమ్మా ఇలాగ సేసీసేరు? సోమవారం సోమవారం టపా పడాల కదా?"

"మంచిది రాస్తున్నానండి. కామేశు గారు ఇంకా 'ఱ' గురించి చెప్పలేదు."

"మంచీ చెడ్డా నాకు సంబంధం లేదమ్మా. అది ఆ టేబులు. నాకు వారం కావాల. ఇలాగైతే షెడ్డుకి పంపించీడమే."

షెడ్డు మాట వినగానే బ్లాగు ఫ్రిజ్ వెనక్కి వెళ్ళి దాక్కుంది. ఆ సాయంత్రమే హైమావతి కూర్చుని ఒక టపా పెట్టింది. మర్నాడు ఇంకొకటి. ఆపైన రోజూ. 'శుభ మంగళవారం' అని ఒకటి, 'బోర్డులు చదివితే కలిగే లాభాలు' అని ఒకటి, 'నిన్న నేను రాసినదాని మీద నా అభిప్రాయం' అని మరొకటి. కామేశు ఇంటికి వెళ్ళడానికి ఖాళీ లేకపోయింది.

బ్లాగు పెరిగింది. మొదట కిటికీ అంత, తర్వాత బీరువా అంత, ఆ తర్వాత మెడ వంచితే తప్ప హాల్లో నిలబడలేనంత అయింది. చదివేవాళ్ళు తండోపతండాలుగా గేటు ముందుకు వచ్చేవారు. స్కూటరు ఆపకుండానే బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయేవారు. హైమావతికి ఇది నచ్చింది. నచ్చలేదని చెప్పడం అబద్ధమవుతుంది. వీధిలో అందరికన్నా పొడుగు బ్లాగు ఆమెదే. ఎదురింటావిడ పెంచే వంటల బ్లాగు దీని నడుముకు కూడా రాలేదు.

అయితే హాల్లో ఫ్యాను వేస్తే బ్లాగు కదిలిపోయేది. ఒక రోజు గాలికి వీధిలోకి కొట్టుకుపోబోతుంటే గణపతిరావు తన పైజమా బొందుతో కిటికీ ఊచకు కట్టాడు.

"అడగడం మానీసింది, గమనించేవా? ఇదివరకు పొద్దున్నే కొత్తది ఉందా అని అడిగీది," అన్నాడు ముడి బిగిస్తూ.

నిజమే. హైమావతి కొంచెం ఆలోచనలో పడింది. తను మొన్న పెట్టిన టపా ఏమిటో గుర్తు చేసుకుందామని చూస్తే గుర్తు రాలేదు. చదివి చూసుకుంది. ఎవరో రాసినట్టుంది.

ఆ వారమే విశాలాక్షి తనిఖీకి వచ్చింది. కొలబద్ద ఏమీ తేలేదు. బ్లాగు దగ్గరికి వెళ్ళి, వేలు మడిచి, దాని పొట్టమీద తలుపు తట్టినట్టు తట్టింది. ఖాళీ గ్యాసు బండ మోగినట్టు ఇల్లంతా మోగింది.

"లోపల ఎవరూ లేరమ్మా," అంది విశాలాక్షి.

"రోజూ టైముకు పెడుతున్నాను కదండీ!"

"టైము నాకు తెలీదు. అది ఆ టేబులు. నెలాఖరుకు మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే మోగితే నేను సంతకం పెట్టలేను, ఏమనుకోకండి."

మర్నాడు డ్యూటీ దిగాక హైమావతి షెడ్డు ఎలా ఉంటుందో చూసి వద్దామని వెళ్ళింది. రేకుల కప్పు కింద బ్లాగులు వరసగా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాయి. శుభ్రంగానే ఉంచారు. అన్నిటి నుదుటి మీదా దాదాపు ఒకే వాక్యం ఉంది: 'చాలాకాలంగా రాయలేకపోయాను, క్షమించండి. ఇకనుంచి తప్పకుండా రాస్తాను.' అడుగుల చప్పుడు వినబడగానే అన్నీ ఒకేసారి తలలెత్తాయి. తోటపని గురించిన ఒక చిన్న బ్లాగు దగ్గరకొచ్చి ఆమె చీర కొంగు పట్టుకుంది.

"మా సారు పంపించేరా? మల్లెమొక్కకి ఎరువు ఎప్పుడెయ్యాలో రేపు రాస్తానన్నారు."

"వస్తారులే," అంది హైమావతి. కొంగు నెమ్మదిగా విడిపించుకుంది.

ఇంటికి వచ్చి బ్లాగు కట్టు విప్పింది. ఆదివారం దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆటోలో కుక్కి, కామేశు ఇంటికి తీసుకువెళ్ళింది. ఆయన అరుగు మీద మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళు ఏటైపోనావమ్మా? 'ఱ' సెప్తానని ఎర్రరంగు కలిపి ఉంచేను. సిప్పలోనే ఎండిపోనాది," అని కొబ్బరిచిప్ప చూపించాడు. చిప్ప అడుగున రంగు పగుళ్ళిచ్చి ఉంది.

హైమావతికి మొహం చెల్లలేదు. "తప్పయిపోయింది కామేశు గారూ. రోజూ రాయడంలో పడి రావడం కుదరలేదు."

"నా దగ్గరికి రాకుండా ఏటి రాసేవు మరి?" అని ఆయన నిజంగానే తెలియక అడిగాడు. శుభ మంగళవారం అని రాశానని ఆమె చెప్పలేకపోయింది.

ఆయన కొత్తరంగు కలపడానికి వెళ్ళాడు. ఆమె ఆ చిప్ప వైపే చూస్తూ కూర్చుంది. మర్నాడు సోమవారం. పెద్ద టపా కాలేదు, ఇంకా చాలా ఉంది. కానీ ఈ ఎండిన రంగు ఉంది, మాట ఇచ్చి రాని మనిషి కోసం రంగు కలుపుకుని కూర్చున్న ముసలాయన ఉన్నాడు. అంతమటుకు రాయడానికి ఎంతో సేపు పట్టదు. సోమవారం అదే రాసి పెట్టింది. చిన్న టపా.

బ్లాగు దాన్ని నెమ్మదిగా, నమిలి మరీ తింది. తిన్నాక తలుపు చాటుకు వెళ్ళి ఒళ్ళు దులుపుకుంది. లాభాలు, అభిప్రాయాలు, శుభ మంగళవారాలు అన్నీ పొట్టులా రాలిపోయాయి. గణపతిరావు చీపురుతో ఊడ్చి బయట పోశాడు. మిగిలిన బ్లాగు ఆమె నడుమెత్తుంది. పొద్దున్నే వచ్చి, కాస్త బొంగురు గొంతుతో, "కొత్తది ఉందా అమ్మా?" అని అడిగింది.

అప్పటినుంచి హైమావతి ఒక పద్ధతి పెట్టుకుంది. రోజూ రాయడం మానేసింది. సోమవారానికి మాత్రం చిన్నదైనా తను కళ్ళారా చూసింది ఒకటి ఉండేది. ఒక అక్షరమో, ఒక బోర్డు మూలో, కామేశు విసుక్కున్న మాటో. పెద్దది ఎప్పుడని బ్లాగు అడిగితే "అయినప్పుడు" అనేది. అది ఒప్పుకుంది. గేటు ముందు స్కూటర్లు తగ్గిపోయాయి. మిగిలినవాళ్ళు మాత్రం చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చోసాగారు. ఒకావిడ, పళ్ళ డాక్టరు బోర్డు తన ఎదురుగానే రాశారని, అప్పుడు తను పిప్పిపన్నుతో బెంచీ మీద ఏడుస్తూ ఉందని, అరగంటసేపు చెప్పింది. కాఫీపొడి ఖర్చు పెరిగిందని గణపతిరావు సణిగాడు గానీ, ఆ అరగంటా ఆయన కూడా అక్కడే కూర్చుని విన్నాడు.

కామేశు గురించిన పెద్ద టపా పూర్తయిన వారం, ఫ్లెక్సీలు వేసే కుర్రాడొకడు ఆయన అరుగు మీదకు వెళ్ళి 'ఱ' నేర్పమని అడిగాడు. కామేశు రెండు రోజులు ఎవరితోనూ విసుక్కోలేదని వాళ్ళావిడ కబురు పంపింది.

నెలాఖరుకు సన్యాసిరావు, విశాలాక్షి ఒకేసారి వచ్చారు. గుమ్మంలో ఎవరు ముందు వెళ్ళాలో తెలియక ఆగిపోయారు. "మీరు కానివ్వండి" అన్నాడాయన. "పరవాలేదు, మీరే" అందావిడ. ఫ్యాను గొడవ తర్వాత వాళ్ళు మాట్లాడుకోవడం అదే మొదలు. సన్యాసిరావు సోమవారాలు చూసి సంతకం పెట్టాడు. విశాలాక్షి తట్టింది. నీళ్ళు నిండిన బిందెను తట్టినట్టు మెత్తటి చప్పుడు వచ్చింది. ఆవిడ ఇంకోసారి, అవసరం లేకపోయినా, తట్టి విని సంతకం పెట్టింది. బ్లాగు సిగ్గుపడింది.

గణపతిరావు సరదా పట్టలేక, "పన్లో పని, నన్నూ ఓసారి సూడండి మేడమ్" అని ఛాతీ చూపించాడు. అలవాటు కొద్దీ విశాలాక్షి తట్టింది. గ్యాసు బండ మోగినట్టు ఇల్లంతా మోగింది.

గణపతిరావు ఛాతీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మనుషులకి ఇంకా రూలు రాలేదు లెండి," అని ఆవిడే సర్దిచెప్పింది.

మరుసటి నెలలో రూలు వచ్చింది. ఉద్యోగస్తులందరూ రెండు సంతకాలు చేయించుకోవాలి. లేనివాళ్ళకు ఇంకో షెడ్డు కడుతున్నారన్నారు. బ్లాగుల కార్యాలయం ముందు వీధి చివరిదాకా వరస కట్టారు. నిలకడ టేబులు దగ్గర ఎవరికీ ఆలస్యం కాలేదు. అందరూ రోజూ టైముకు వెళ్ళేవాళ్ళే, సెలవులు కూడా మిగిలిపోయిన వాళ్ళే. సన్యాసిరావు సంతోషంగా సంతకాలు పెట్టుకుంటూ పోయాడు. రెండో టేబులు దగ్గరికి వచ్చేసరికి జనం చొక్కాలు సర్దుకుని, మాటిమాటికీ గొంతు సవరించుకున్నారు. మొదటివాణ్ణి తట్టగానే మోగింది. రెండోవాడూ అంతే. ఆ మోత వీధి చివరున్న కిళ్ళీకొట్టు దాకా వినబడింది.

గణపతిరావు వంతు వచ్చింది. విశాలాక్షి వేలు మడిచి చెయ్యెత్తింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి సడలింపు ఉత్తర్వు వచ్చింది. మనుషులకు నిలకడ ఒక్కటీ చాలు, నాణ్యత బ్లాగులకు మాత్రమే.

వరసంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. విశాలాక్షి చెయ్యి దించేసింది. ఒకరి భుజం ఒకరు తట్టబోయి, ఎందుకైనా మంచిదని మానుకుని, అందరూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. గణపతిరావు గడియారం చూసుకుని గబగబా నడిచాడు. ఆ రోజు రామన్నవలసలో ఒక్కరు కూడా ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళలేదు.