కుక్కుటేశ్వర వార్ధక్య విజయము

పందొమ్మిది వందల తొంభయ్యవ సంవత్సర శరత్కాలమున, ఇరాకు సేనాసముద్రము ఉత్తర దిక్కు నుండి పొంగివచ్చి కువైట్‌ను ముంచెత్తియుండగా, ప్రభుత్వమనునది సరిహద్దు దాటి పరదేశమున విడిది చేయగా, వీధులలో యుద్ధశకటములును, వంటిళ్లలో ఖాళీ డబ్బాలును పోటీపడి మ్రోగుచుండగా, హవల్లీ పేటలో ఒక మేడ మీది గదిలో, పిఠాపురప్రాంతసంజాతుడు, మంత్రిత్వశాఖాంతర్గత తేనీటిసామ్రాజ్య చక్రవర్తి, కెటిల్‌ధారణధురంధరుడు కుక్కుటేశ్వరరావు అద్దము ముందు నిలిచి తన శత్రువును చూసుకున్నాడు.

ఆ శత్రువు నల్లగా నిగనిగలాడుతున్న అతని మీసమే.

దానికొక పూర్వగాథ ఉంది. గల్ఫుకు బయలుదేరిననాడు, నలభై దాటినవాడికి వీసా రాదని చెప్పి, ఏజెంటు అనే దయామయుడు పాస్‌పోర్టులో అతని వయసును పదేళ్లు తగ్గించాడు. నాటి నుండి కాగితపు గుట్టును మొహం బయటపెట్టకుండా, గురువారం గురువారం సాయంత్రం తలకూ మీసానికీ రంగు పులమడం అతని వారవ్రతమైంది. ఆ వ్రతం తప్పక ఫలించింది. చాయ్ కాచి కాచి మోకాళ్లు అరిగాయి కానీ, మీసం మాత్రం నవయవ్వనంలో నిలిచిపోయింది.

ఇక పింఛనంటారా, ఆ దేశపు పింఛను ఆ దేశపు బిడ్డలది. పరదేశికి కొలువు ముగిసిననాడు ఇచ్చే సొమ్మొకటి ఉంటుంది, అదిచ్చే ఆఫీసుకిప్పుడు తాళం. అయితే ఆపత్కాలంలో కూడా అల్లుకునే చిన్న దయలుంటాయి. వీధి చివర జమియా, అంటే పేటవాసుల సహకార దుకాణంలో, పెద్దలు కొందరు ఒక బల్ల వేసి తీర్మానించారు: సర్కారు కొలువు చేసి అరవై నిండినవారు ఏ దేశం వారైనా సరే, వారానికింత బియ్యం, ఒక పాలపొడి డబ్బా, వరసలో కూర్చోవడానికి నీడన కుర్చీ. సర్కారు లేని ఆ రోజుల్లో ఆ పేటకు సర్కారంటే ఆ బల్లే. కుక్కుటేశ్వరరావు గదిలో బియ్యం అడుగంటింది. పాలు లేని టీ తాగి తాగి, బతికున్నానో లేదోనని గోదావరి జిల్లా ప్రాణం అనుమానించడం మొదలెట్టింది. సంచి చంకన పెట్టుకుని అతను ఆ బల్ల దగ్గరికి వెళ్లాడు.

బల్ల వెనుక ఉన్నవాడు అబూ ఫహద్, రిటైరైన హెడ్‌మాస్టరు, ధవళశ్మశ్రుమండితుడు. ఇఖామా అనే నివాసపత్రం తిప్పి చూసి, అరబ్బీ, హిందీ కలిపి అడిగాడు:

"నీ మీసం నలభై అంటోంది. ఇఖామా యాభై మూడంటోంది. నువ్వు అరవై మూడంటున్నావు. ముగ్గురిలో ఎవర్ని నమ్మమంటావు రావ్?"

వరసలో కుర్చీ మీదున్న సుల్తాన్‌బీ పకపకా నవ్వింది. రాయచోటి మనిషి, సర్కారు బడిలో ఆయాగా చేసింది, ఇటీవలే అరవై నిండింది.

"ఏం తమ్ముడూ, ఇన్నేండ్లు నన్ను అక్కా అక్కా అని పిలిస్తివే! ఇప్పుడు నాకంటే పెద్దోణ్ణంటాండావా?"

"ఆయ్, అదంతా పైపై రంగండి అక్కా! లోపలంతా బూజేనండి బాబూ!"

"అయితే కడుక్కోని రా పో. సబ్బు రాయచోటి నుంచి తెప్పియ్యాల్నా?"

అంతట ప్రారంభమైంది మహాసమరం. సబ్బునురుగుల ప్రళయఫేనము ఒకవైపు, నిమ్మరసపు ఆమ్లాస్త్రము ఒకవైపు ప్రయోగించి, తువ్వాలు గదాదండంగా తిప్పి, ఆ మహావీరుడు తన పైపెదవి మీద దండెత్తాడు. తువ్వాలు నల్లబడింది, చర్మం ఎర్రబడింది, మీసం మాత్రం చెక్కుచెదరలేదు. అలమరలో చివరి రంగు పొట్లం అతన్ని పిలిచింది: "రేపు యుద్ధం ఆగితే, నెరిసినవాడికి పనెవడిస్తాడు?" అతని చేయి దాని మీదికి వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఆ గురువారం రంగు పడలేదు. మరుసటి గురువారమూ పడలేదు. నల్లటి టీ తాగుతూ, బియ్యం పిడికెడు పిడికెడు పొదుపు చేస్తూ, తోట వేసిన రైతులా అతను అద్దంలో తెల్లటి మొలకల కోసం ఎదురుచూశాడు.

మొలిచాయి. మళ్లీ వెళ్లాడు.

అబూ ఫహద్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "కొసలు నలుపు, కుదుళ్లు తెలుపు. సగం ముసలితనానికి సగం డబ్బా ఇవ్వమంటావా?"

అప్పుడు కుక్కుటేశ్వరరావు పలికినవి వచ్చీరాని అరబ్బీలో నాలుగు ముక్కలే. కథకుడి చెవికి మాత్రం ఇలా వినబడింది: "ఓ ధవళశ్మశ్రూ! వయసును దాచినవాడను నేనే, దాని బరువును మోసినవాడనూ నేనే. నీ దేశపు అధికారుల నిద్రమత్తును నా అల్లంటీతో వదిలించిన నాకు, ముసలివాడనిపించుకొను భాగ్యము ఒక్కటి ప్రసాదింపుము!"

ఆ ఘోషకో, గట్టిగా గుద్దిన పిడికిలికో, బల్ల అదిరి పాలపొడి డబ్బా దొర్లి కింద పడింది. ఇద్దరూ ఒక్కసారే వంగారు. ఇద్దరి చేతులూ ఒక్కసారే డబ్బాను పట్టాయి. ఇద్దరి నడుములూ ఒక్కసారే పట్టేశాయి.

"యా అల్లా!"

"అయ్ బాబోయ్!"

వీధిలో వెళుతున్న సైనిక శకటం ఒక క్షణం మందగించి, దైవకృప వల్ల సాగిపోయింది. సుల్తాన్‌బీ లేచివచ్చి, చెరొక రెక్కా పట్టి ఇద్దర్నీ నిలబెట్టింది.

"ఇద్దరికిద్దరూ సరిపోతిరి! ఒకరు లేస్తే ఒకరు లేయరు."

అబూ ఫహద్ నడుము పట్టుకుని, వగరుస్తూ, ఎదుటివాడి మొహంలో అదే వగర్పు చూశాడు.

"కాగితం అబద్ధమాడొచ్చు. మీసం అబద్ధమాడొచ్చు. ఈ మూలుగు ఆడదు. ఖలాస్! ఇతను ముసలివాడే."

దుందుభులు మ్రోగలేదు, పుష్పవృష్టి కురవలేదు. బియ్యం సంచిలో పడిన చప్పుడొకటి వినబడింది. పాలపొడి డబ్బా మీది సొట్టను కుక్కుటేశ్వరరావు బొటనవేలితో నిమిరాడు. సాయంత్రపు టీ అప్పుడే నాలుక మీదికి వచ్చేసింది.

సుల్తాన్‌బీ పక్క కుర్చీ మీది దుమ్మును కొంగుతో దులిపింది.

"రా అన్నా, కూచో."

కూర్చున్నాడు. దిక్కులారా వినుడు! ఇట్లు, పరసేనాక్రాంతమైన ఆ నగరంలో, సహకార దుకాణపు నీడలో, కుక్కుటేశ్వరరావు తన అరవై మూడవ ఏట అరవై మూడేళ్లవాడయ్యాడు.