పసుపు జెండా వెనకాల

రాజధాని నగరం చూడ్డానికి కళ్ళు అక్కర్లేదు. ముందు నడిచేవాడి చేతిలో ఓ పసుపు జెండా ఉంటే చాలు!

నవ్వకండి. మొన్న నేను వెళ్ళొచ్చాను. ఒక్క రోజులో ఏడు చోట్లు: కోట, రెండు మందిరాలు, మ్యూజియం, రాజభవనం, సమాధి, వంతెన. రాజులు తరాల తరబడి తంటాలు పడి కట్టుకున్నవాటిని మా గైడు సాయంత్రం ఐదున్నరకల్లా ముగించేస్తాడు. ఎవరు గొప్ప?

గైడు లేనివాడి అవస్థ ఆలోచించండి. ఎక్కడ ఆగాలో వాడే తేల్చుకోవాలి. ఏది బాగుందో వాడే కనుక్కోవాలి. మాకా బాధ లేదు. ఫొటో తీయించుకునే చోట నేలమీద రెండు పాదాల గుర్తులు వేసి ఉంచారు. మాకు ముందు లక్షమంది నిలబడ్డ చోటే మేమూ నిలబడ్డాం. ఎంత ధీమా! ఎప్పుడు ఆశ్చర్యపోవాలో కూడా ఇయర్‌ఫోన్‌లో చెప్పేవాడు. మేం ఆశ్చర్యపోయేవాళ్ళం. రెండో మందిరంలో బ్యాటరీ అయిపోయి, మాతో వచ్చిన బ్యాంకు మేనేజరు అంత పెద్ద గోపురం కింద నిలబడి, "ఇదేమిటో తెలియట్లేదండీ" అన్నాడు.

తలెత్తితే తెలిసేది. ఎత్తలేదు.

మ్యూజియానికి పావుగంట. దాని పక్కన బొమ్మల కొట్టుకి గంట. ముందు నాకు అర్థం కాలేదు. మ్యూజియంలోవి ఇంటికి తెచ్చుకోలేం కదా!

మనుషుల్ని సరిచూసుకునే పద్ధతి ఇంకా గొప్పది. మా ఊరి బళ్ళో మాస్టారు రోజూ తలలు లెక్కపెట్టేవారు, పాపం అమాయకుడు. మా గైడు ఆ శ్రమ పడడు. మైకు తీసుకుని, "మీ పక్క సీటువాళ్ళు రాకపోతే చెయ్యెత్తండి" అంటాడు. భార్య రాకపోతే భర్త ఎత్తుతాడు. భర్త రాకపోతే భార్య ఎత్తుతుంది. ఎవరూ ఎత్తకపోతే బస్సు కదులుతుంది.

నా పక్క సీటు చూసి మేనేజరు భార్య అడిగింది.

"అది ఖాళీయేగా అన్నయ్యగారూ? మేం కొన్న బొమ్మలు పెట్టుకుంటాం."

"ఖాళీ కాదమ్మా," అని నా సంచి పెట్టాను.

అసలు నేను వెళ్ళింది ఒక్క బొమ్మ కోసం. మా వంటింట్లో ఓ క్యాలెండరు ఉంది. ఏడాది గడిచిపోయినా మా ఆవిడ దాన్ని తీయనివ్వలేదు. అందులో ఈ రాజభవనం గోడమీది బొమ్మ. ఊరేగింపులో అందరికన్నా వెనక ఒకామె వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. ఆమె ముందు ఎవరివో రెండు మడమలు. అక్కడికి కాగితం అయిపోయింది.

"ఏమండీ, ఈవిడ కోసం ఎవరైనా ఆగారంటారా?" అనేది, కూరగాయలు తరుగుతూ.

"బొమ్మలో ఎవరాగుతారే? త్వరగా కానియ్యి, నాకు టైమవుతోంది."

"ఒకసారి వెళ్ళి చూసొద్దామండీ."

"చూద్దాంలే."

చూద్దాంలే అంటూ పదకొండేళ్ళు గడిపాను. పన్నెండో ఏడు ఆమె లేదు.

రాజభవనానికి మాకిచ్చింది పన్నెండు నిమిషాలు. సరిగ్గా ఆ గోడ దగ్గర జెండా మలుపు తిరిగింది.

"రెండు నిమిషాలు ఆగు బాబూ."

"ఇది మన లిస్టులో లేదు సార్. పదండి, పదండి."

బస్సుదాకా వెళ్ళాను. మెట్టు మీద కాలు పెట్టి, దిగిపోయాను. వెనక్కి నడుస్తుంటే బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. పాపం, నా సంచికి చేతులేవీ, ఎత్తడానికి?

అందుకే అంటున్నాను, టూరంత మేలైనది లోకంలో లేదని. నన్ను వదిలేసి పోయింది!

గోడ నలభై అడుగుల పొడవుంది. చెప్పు సరిచేసుకునే ఆమె దగ్గర మొదలుపెట్టి మెల్లగా ముందుకు నడిచాను. గుర్రాలు, బాకాలు, పల్లకీలు. మనుషులు డెబ్భైమంది. అందరివీ వీపులే. ఒక్కడంటే ఒక్కడు వెనక్కి తిరగలేదు. అందరికన్నా ముందు ఒకాయన, మెడ నిక్కించి, జెండా ఎత్తిపట్టుకుని నడుస్తున్నాడు.

నా సంచి మాత్రం మిగతా రెండు చోట్లూ చూసుకుని నాకన్నా ముందే హోటలు చేరింది. గైడు నన్ను చూసి ఆశ్చర్యపోయాడు, ఇయర్‌ఫోన్ లేకుండానే.

"ఎక్కడ దిగిపోయారు సార్? ఎవరూ చెయ్యెత్తలేదే?"

తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టకుండా సంచి అందుకున్నాను.

సంతకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా, చివరికి ఆస్పత్రి వరండాలో కూడా, మా ఆవిడకన్నా పది అడుగులు ముందు నడిచినవాణ్ణి. పద, పద అంటూనే ముప్పైనాలుగేళ్ళు నడిపించాను.

నా చేతిలో జెండా ఒక్కటే తక్కువ.