సరేగారి యంత్రరథారోహణము

వానలు వెలిసి, నేల ఆరి, సమస్త తృణజాతియు యజమాని అనుమతి కోరకయే నడుము దాటి పెరిగి, గాలికి తలలూపుచు విజృంభించుచున్న ఒకానొక ప్రాతఃకాలమున, పట్టణమునకు ఆవల రహదారి వీడి మట్టిబాట పట్టి పోగా అగుపించు అయిదెకరాల మహాక్షేత్రమధ్యమున, ఇంటి మెట్టుపై ఎడమచేత కాఫీకప్పును కుడిచేత యంత్రాల బొమ్మల కరపత్రమును ధరించి నిలిచి, ఎదుటి హరితసేనావాహినిని చూచి నిట్టూర్చిన వీరుని గాథ ఇది. వినువారు సావకాశముగా వినవచ్చును, గడ్డి ఎక్కడికిని పోదు.

వీరుడెవరనగా, నీటిపన్నుల కార్యాలయమున చిరకాలము దస్త్రధురంధరుడై, ముద్రాప్రహారప్రవీణుడై, అధికారి అవునన్నను కాదన్నను 'సరే సార్' అను ఏకైకమంత్రమును జపించి, తత్ఫలముగా 'సరేగారు' అను బిరుదును పొంది, పదవీవిరమణ సభలో పూలదండతోపాటు ఆ బిరుదునే మెడలో వేసికొని ఇంటికి వచ్చిన మహానుభావుడు. కన్నవారు పెట్టిన పేరొకటి ఉండెను గాని, వాడువారు లేక అది మూలబడెను.

ఆ క్షేత్రమును ఆయన కొనిన నాటినుండి గడ్డి ఏలుచుండెను. ఇంటినుండి చూచిన గేటు కనబడదు, గేటునుండి చూచిన ఇల్లు కనబడదు. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు గేటువద్ద నిలిచి, లోపల మనుషులు కాపురముండు జాడ లేదని తేల్చుకొని, బండి తిప్పుకొని పోయెను. ఆ పూట పచ్చి కూరగాయలు తిన్న పిమ్మట సరేగారి ఇల్లాలు, గేటు కనబడిననే ఇచట ఉందుననియు, లేనిచో పట్టణములో పాత అద్దెవాటాకు పోదుననియు తేల్చి చెప్పెను. కావున దుకాణదారులు రైడింగ్ మోవరనియు, ఇల్లాలు గడ్డిబండి యనియు పిలుచు తృణసంహారరథమొకటి కొనుట అనివార్యమాయెను.

ఇట సరేగారి హృదయరహస్యమును చెప్పవలెను. ఆయనకొక బావగారు, అక్కగారి భర్త, కట్టడాల కాంట్రాక్టరు, అభిప్రాయముల గని. సరేగారి ఉద్యోగమును ఎంచినది బావగారు. పెండ్లిలో తొడిగిన కోటును ఎంచినది బావగారు. తలుపు తీసిన ప్రతిసారి గోడకు కొట్టుకొను ఫ్రిజ్జును ఎంచినది కూడ ఆయనయే. ఈ జన్మలో ఒక్క వస్తువైనను, ఒక్కటంటే ఒక్కటి, తన కంటికి నచ్చినది తాను ఎంచుకొనవలెనని సరేగారి కోరిక. కరపత్రములో ఎర్రబండి ఆయనకు నచ్చినది. కొత్తగా నాటిన పండ్లమొక్కల వరుసల నడుమ అది ఇమిడి తిరుగును. ఆ సంగతి ఇల్లాలికొక్కతెకే చెప్పిరి.

అయినను బయలుదేరు వేళకు గేటు అవతల బావగారి కారు హారను మ్రోగెను.

"ఆయనకెందుకు చెప్పారండీ?" అని ఇల్లాలు అడిగెను.

"నేను చెప్పలేదు. ఆయనే అడిగారు" అని సరేగారు చెప్పులు తొడుగుకొనిరి.

రహదారి పక్కన రేకులకప్పు దుకాణమున, నూనెవాసనల నడుమ, మూడు మహారథములు బారులు తీరి ఉండెను. మొదటిది హరితవర్ణము, మదగజప్రమాణము, చక్రముల ఎత్తు చూచిన సామాన్యుడు నమస్కరించును. రెండవది పసుపుపచ్చనిది, స్టీరింగు లేక రెండు మీటలతో గిర్రున తిరుగునది. మూడవది రక్తవర్ణము, మధ్యమశరీరము, సీటు పక్కన నీళ్ళసీసా పెట్టుకొను గుంటతో వినయముగా నిలిచియుండెను. టై కట్టిన సేల్స్‌మన్ నోరు తెరువకముందే బావగారు ఆకుపచ్చదాని బానెట్టుపై అరచేత చరిచి, అయిదెకరములకు ఇదియే తగుననియు, తక్కినవి పెరట్లో పిల్లలు ఆడుకొనుటకనియు శాసించిరి. ఇంతవరకు ఆయన అట్టి బండిని ఎక్కి ఎరుగరు. ఆయనకు అదెప్పుడును అడ్డంకి కాలేదు.

దుకాణము వెనుక పరీక్షార్థము పెంచిన గడ్డిమైదానమునకు సేల్స్‌మన్ వెంట ముగ్గురును నడిచిరి. ఇల్లాలు గోడనీడన కుర్చీ వేసికొనెను. అంతట సరేగారు గుండె చిక్కబట్టుకొని రక్తరథమును అధిరోహించి, తాళము త్రిప్పగా, దిక్కులు పిక్కటిల్లునట్లు ఇంజను ఘూర్ణిల్లెను, ఖడ్గములు అడుగున తిరిగెను, మొదటి వరుస తృణయోధులు తలలు తెగి పక్కకు ఎగిరిపడిరి, సరేగారి పెదవులపై చిరుహాసమొకటి అటునిటు చూచి మెల్లగా బయటికి వచ్చెను. అదే సమయమున బావగారు మైదానమున నడిచి వచ్చిరి. సరేగారు 'రండి బావగారూ' అనుచు సీటునుండి ఆదరముతో లేవబోయిరి. ఇంజను ఠక్కున ఆగెను.

"చూశావా? ఎర్రది నీరసం బండి. నేను చెప్తే వినవు" అని బావగారు తేల్చిరి.

సేల్స్‌మన్ పరుగున వచ్చి తాళము త్రిప్పగా బండి మరల లేచెను. మరల గడ్డి కూలెను. మరల బావగారు సలహా ఒకటి చేతబట్టి సమీపించిరి, సరేగారు మరల లేవబోయిరి, ఇంజను మరల ప్రాణము విడిచెను. పిమ్మట పసుపుపచ్చనిదానిని ఎక్కగా అదియు అదే దారి పట్టెను. సేల్స్‌మన్ పెట్రోలు మూత తీసి చూచెను, వైర్లు కదిపి చూచెను, టై వదులు చేసికొనెను. ఎవరికిని ఏమియు అంతుబట్టలేదు.

అప్పుడు బావగారు చొక్కాచేతులు మడిచి, 'బండి నడపటం అంటే ఇలా' అనుచు హరితగజమును ఎక్కి కూర్చుండి, మైదానమును ఈ కొసనుండి ఆ కొసవరకు దున్నినట్లు చుట్టివచ్చిరి. సేల్స్‌మన్ ఎదురుపోయెను, సరేగారు ఎదురుపోయిరి, దుకాణపు యజమాని కూడ వచ్చి నిలిచెను. బావగారు ఎవరికిని లేచు అలవాటున్న మనిషి కారు. ఇంజను ఒక్కసారియైనను దగ్గలేదు. ఇక వాదమేమున్నది? సాక్ష్యములన్నియు ఆకుపచ్చదాని పక్షమే నిలిచెను. మొక్కల వరుసలలో అది పట్టదని సరేగారికి తెలియును. తెలిసియు ఆయన నాలుక ఆ పాత అక్షరద్వయము వైపు జారుచుండెను. 'స' వరకు వచ్చెను కూడ.

"ఇంజను ఆగిపోవట్లేదండీ. మీరు లేచి నిలబడుతున్నారు" అని గోడనీడనుండి ఇల్లాలు పలికెను.

సేల్స్‌మన్ నుదురు కొట్టుకొని, సీటు కింద స్విచ్చి ఉండుననియు, నడుపువాడు సీటు వదలిన పడిపోయెనని తలచి, కాళ్ళు కత్తుల పాలు కాకుండ యంత్రము తనంతట తానే ఆగుననియు, మూడు బండ్లకును ఇదే ఏర్పాటనియు విన్నవించెను. అహో, గౌరవించువానికిని పడిపోవువానికిని భేదమెరుగని యంత్రము! భేదము పెద్దగా లేదని ఎరిగినదేమో, అదియు చెప్పలేము. సరేగారికి మాత్రము చెవులు వేడెక్కెను. చెప్పదలచి సగములో మింగిన మాటలు, అడుగదలచి సగములో లేచి దారి ఇచ్చిన సందర్భములు వరుసగా కండ్లముందు తిరిగెను. ఆ పెద్దమనిషికి ఆ క్షణమున ఏడుపు వచ్చినంత పనియాయెను.

బావగారి మీసము అదిరెను. "అంటే ఏంటి చెల్లెమ్మా, నా వల్లే బండి ఆగుతోందంటావా? ఎక్కమను. నేను ఎదురుగానే నిలబడతాను. చూద్దాం."

"ఎక్కండి" అని ఇల్లాలు భర్తతో చెప్పెను.

అంతట లోకములో ఇంతకుముందెన్నడును జరుగని ఘోరసంగ్రామము, రక్తరథముపై, సరేగారికిని సరేగారి మోకాళ్ళకును నడుమ ప్రారంభమాయెను. ఇంజను గర్జించెను. ఎదుట బావగారు చేతులు కట్టుకొని, కనుబొమలు ముడిచి, సాక్షాత్తు పై అధికారివలె నిలిచిరి. మోకాళ్ళు వణికెను, పిక్కలు బిగిసెను, నడుము వ్రేలెడు లేచెను, ఇంజను గొంతు తడబడెను. వీరుడు స్టీరింగును రెండుచేతుల ఒడిసిపట్టి, పండ్లు బిగించి, అంతరంగమున ఇట్లు ఉద్ఘోషించెను: "ఓ జానుద్వయమా! ఇన్నేళ్ళు ఎవరెవరికో లేచితివి. అధికారికి లేచితివి, అధికారి తమ్మునికి లేచితివి, అధికారి సెలవులో ఉన్న దినమున ఆయన ఖాళీకుర్చీకి కూడ లేచితివి. నేనేనాడును అడ్డుపడలేదు. నీ భక్తికి నేను పెట్టిన ఖర్చు నా జీవితము. నేడొక్క నిమిషము నా మాట విని మడిచినది మడిచినట్లుండుము. ఆ పిమ్మట నీ ఇష్టము!"

మోకాళ్ళు ఆలోచించెను. నడుము సీటుకు దిగెను. ఇంజను గొంతు సవరించుకొని సాగెను.

రథము కదలెను. బావగారు కదలలేదు. నడుమ దూరము తగ్గుచుండెను, గడ్డి కూలుచుండెను, సేల్స్‌మన్ కండ్లు మూసికొనెను. అప్పుడు సరేగారు, నీటిపన్నుల కార్యాలయమున ఏ గోడయు వినని కంఠముతో, మెల్లగా, ఇంజను మోతమీదుగా పలికిరి:

"బావగారూ, కొంచెం పక్కకి జరగండి."

బావగారు జరిగిరి. ఖడ్గములు తిరుగుచున్న బండి ఎదుట ఏ బావగారైనను జరుగవలసినదే, అయినను జరుగుట జరుగుటయే. ఎర్రబండి ఆయన బూట్ల పక్కగా సాగిపోయి, వెనుక నున్నని పచ్చచారనొకదానిని విడిచి, కంచెవద్ద చక్కగా మలుపు తిరిగెను. మలుపు తిరుగునప్పుడు వీరుడు వెనుకకు చూడలేదు. నవ్వుచుండెనని ఇల్లాలు పిమ్మట చెప్పెను.

ఏది కావలెనని సేల్స్‌మన్ అడుగగా సరేగారు, ఎవరి మొగమువైపును చూడక, "ఎర్రది" అనిరి. బావగారు కారు తాళములు వ్రేలికి త్రిప్పుచు, "నీ ఇష్టం" అని గొణిగిరి. ఆ కుటుంబమున ఆ రెండు మాటలు సరేగారితో ఎవ్వరును అని ఎరుగరు.

విజయానంతరము మన వీరుడు బండి దిగినంతనే పరుగున పోయి కారు తలుపు తీసి, బావగారిని సగౌరవముగా ముందుసీటున కూర్చుండబెట్టి, తాము వెనుకసీటున ఒక నూనెడబ్బాను ఒడిలో పెట్టుకొని ఒదిగిరన్నది వాస్తవము. దారిలో బావగారు ఇంటిగోడలకు వేయవలసిన రంగును నిర్ణయించిరి. సరేగారు సరే అనిరి. ఈ సంగతులను దాచుట కథకుని ధర్మము కాదు.

అయినను దిక్కులారా వినుడు, దుకాణపు రేకులారా వినుడు, తెగి పడిన గడ్డిపరకలారా మీరును వినుడు! ఒకానొక మధ్యాహ్నమున, ఒక చాప వెడల్పు గడ్డి కోసినంత సేపు, సరేగారు కూర్చుండిరి. బావగారు నిలుచుండిరి.