ఎడమ చెవి తనిఖీ నివేదిక

ఆ రోజు ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి మాత్ర, తొమ్మిదింటికి ఆఫీసు, నాలుగింటికి డాక్టరు. మధ్యలో ఎక్కడా ప్రపంచం గిర్రున తిరగకుండా ఉంటే అంతకు మించి ఆయనకేమీ అక్కర్లేదు.

ఆఫీసులో ఆయన్ని రసమట్టం అంటారు. గోడ సమంగా ఉందో లేదో చూసే ఆ పనిముట్టు ఆయనకు అవసరం లేదనీ, ఒట్టి కంటితోనే అర అంగుళం వాలు చెప్పేస్తాడనీ పేరు. అలాంటి మనిషి ఎడమ చెవిలో మెనియర్స్ అనే జబ్బు వచ్చి కూర్చుంది. ముందు చెవి దిబ్బడ వేస్తుంది. తర్వాత లోపల పిండిమిల్లు ఆడినట్టు హోరు. ఆపైన నేల, గోడలు, కప్పు కూడబలుక్కుని ఒక పక్కకు జారతాయి. అరగంటకు ఏమీ ఎరగనట్టు ఎక్కడివక్కడ నిలబడతాయి. ఈ సంగతి ఆఫీసులో తెలిస్తే సైటు పని పోయి కుర్చీ పని వస్తుంది. ముప్పై ఏళ్ళు కట్టడాల చుట్టూ తిరిగిన మనిషికి అంతకన్నా పెద్ద భయం లేదు. అందుకే ఇంట్లో భార్యకు, ఆస్పత్రిలో డాక్టరుకు తప్ప మూడో మనిషికి చెప్పలేదు.

మామూలు మందులు, ఉప్పు తగ్గించిన తిండి చాలక, ఆరు వారాల కింద డాక్టరు కొత్త మాట ఒకటి ఎత్తాడు. "చెవి నరంలో పాత వైరస్ ఏదో పడుకుని, అప్పుడప్పుడు లేచి అల్లరి చేస్తుందేమోనని కొందరికి అనుమానం. వైరస్ మందు వాడితే కొంతమందికి తగ్గిందంటారు. గట్టి రుజువైతే లేదు. మీ వంటికి పడుతుందో లేదో పరీక్షలు చేశాను కాబట్టి ఆరు వారాలు వాడి చూద్దాం. తిరిగినప్పుడల్లా ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు, అంతా రాసుకు రండి."

రుజువు లేదనగానే ఇంకొకరైతే ఇంకో డాక్టర్ని వెతుక్కునేవారు. మన ఇంజనీరుకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. కొలిచి తేల్చాల్సిన విషయం దొరికిందన్నమాట! ఆఫీసువాళ్ళిచ్చిన గోధుమరంగు అట్ట నోట్‌బుక్ ఒకటి దానికే కేటాయించాడు.

"ఏవండీ, ఇంతకీ ఆ వైరస్ పడుకుందా, ఇంకా మెలకువగానే ఉందా?" అని మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ అడిగింది భార్య. ఆరు వారాలుగా ఆవిడకూ అదే ధ్యాస.

"ఇంట్లో తగ్గింది. మూడు వారాలైంది తిరిగి. ఆఫీసులోనే తగ్గలేదు. నిన్న కూడా తిరిగింది."

"అంటే ఆఫీసు టైముకే డ్యూటీ చేస్తోందన్నమాట!"

"నవ్వకు. తగ్గలేదని తేలితే డాక్టరు మందు ఆపేస్తాడు. ఆ తర్వాత నేను కుర్చీకే."

ఆవిడ నవ్వు ఆపింది. ఆయన రెండు నోట్‌బుక్కులు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. రెండోది సైటు తనిఖీలది. రెండింటికీ ఒకటే రంగు, ఒకటే సైజు. ఆఫీసుకు వెళ్ళీ వెళ్ళగానే ఒకటి టైపిస్టు బల్ల మీద పెట్టి, "ఇది పదకొండుకల్లా పెద్దింజనీరుగారి బల్ల మీదుండాలమ్మా" అని చెప్పి, అదే ఊపులో సైటుకు వెళ్ళిపోయాడు.

టైపిస్టు నోట్‌బుక్ తెరిచింది. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. తనిఖీ నివేదికలో 'నేను' అనే మాట ఉండదు. చూసినవాడెవడైనా 'గమనించడమైనది' అనే రాయాలి. ముప్పై ఏళ్ళ అలవాటు వల్ల ఇంజనీరుకు ఇంకో రకంగా రాయడం చేతకాదు. చెవి గురించైనా సరే.

ఆవిడ టక టకా కొట్టుకుపోయింది. "ఆరవ తేదీ, పదిన్నర. రికార్డు గది. నేల ఎడమ పక్కకు ఒరిగినట్లు గమనించడమైనది. హోరు వినిపించినది. ఇరవై నిమిషములు." "తొమ్మిదవ తేదీ. పడకగది. నాలుగు గోడలూ తిరిగినవి. దిండు పెట్టడమైనది. సర్దుకున్నది." పడకగది దగ్గర వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. వాచ్‌మన్ గది అయ్యుంటుందని తనకు తానే సమాధానం చెప్పుకుని, పైన 'మన కార్యాలయ భవన పరిస్థితి' అని శీర్షిక పెట్టింది.

టైపిస్టును ఎదురుగా కూర్చోబెట్టుకుని పెద్దింజనీరు చదువుతున్నకొద్దీ కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఉప్పు తగ్గించిన పిమ్మట కొంత మెరుగు... అంటే ఇసుకలో ఉప్పుందా?"

"ఉండే ఉంటుంది సార్. ఆయన ఊరికే రాయరు."

"మరి ఈ దిండేమిటి?"

"దూలం కింద పెట్టే దిమ్మె అయ్యుంటుంది సార్. తొందర్లో దిండని రాసుంటారు."

"రసమట్టం ఇన్నిసార్లు కదిలిందన్నాడంటే, మనం ఇంకా ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నామేమిటి?"

ఆ మాటతో ఇద్దరూ లేచారు. గంట మోగింది. పది నిమిషాల్లో ఎనభై మంది రోడ్డు మీద ఉన్నారు. బస్సులు ఆగాయి. ఎదుటి దుకాణంవాడు షట్టరు దించేసి, తనూ వచ్చి గుంపులో నిలబడ్డాడు. పై ఆఫీసు నుంచి పరికరాల పెట్టెతో ఒక నిపుణురాలు వచ్చి, హెల్మెట్టు పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంజనీరు తిరిగొచ్చేసరికి ఎనభై తలలూ బిల్డింగు వైపే చూస్తున్నాయి, అదేదో ఇప్పుడు మాట్లాడబోతున్నట్టు. పెద్దింజనీరు ఎదురొచ్చి గట్టిగా కావలించుకున్నాడు.

"మమ్మల్నందరినీ బతికించావయ్యా! ఒక్కడివే దిమ్మెలు కూడా పెట్టావట!"

ఇంజనీరు ఆయన చేతిలోని నోట్‌బుక్ చూశాడు. సంచి తెరిచి తన దగ్గరున్నది చూసుకున్నాడు. అది సైటు తనిఖీలది.

"సార్, అది ఒక్కసారి ఇలా ఇస్తారా? సాయంత్రానికి కావాలి."

"ఇస్తానా? ఇప్పుడిది సాక్ష్యం!"

ఇంజనీరు పక్కకు వెళ్ళి, భార్యకు ఫోను కలిపి కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇదిగో, కొంప మునిగింది. నా తల తిరుగుడంతా బిల్డింగు రిపోర్టు కింద టైపైపోయింది."

"అయితే ఆ మాటే చెప్పేయండి."

"చెప్తే సైటు పని పోతుంది."

"చెప్పకపోతే వాళ్ళు ఆ బిల్డింగు కూలగొడతారు. తర్వాత మీ ఇష్టం."

ఆయనకు నిజంగానే ఏడుపొచ్చినంత పనయింది. అయినా వెనక్కొచ్చి, గొంతు సవరించుకుని చెప్పేశాడు.

"సార్, తిరిగింది బిల్డింగు కాదు. నేను. ఎడమ చెవిలో జబ్బు. దానికి వైరస్ మందు వాడుతున్నాను."

వైరస్ అన్న మాట వినగానే గుంపు మొత్తం రెండడుగులు వెనక్కు వేసింది. టైపిస్టు చేతిరుమాలు తీసి పది వేళ్ళూ తుడుచుకుంది.

"అంటుకునేది కాదండీ! చెవిలో పడుకునే రకం. అసలు ఉందో లేదో కూడా తెలియదు."

"ఉందో లేదో తెలియనిదానికి మందేమిటయ్యా?" అన్నాడు పెద్దింజనీరు.

"అదే సార్, నాకూ తెలుసుకోవాలనే ఉంది."

పెద్దింజనీరు మొహం మెల్లగా ఎర్రబడింది. ఎనభై మంది, రెండు బస్సులు, పై ఆఫీసు, అన్నీ కళ్ళ ముందు మెదిలాయి కాబోలు. "రేపట్నుంచి నువ్వు సైటు వైపు..." అని మొదలుపెట్టాడు. ఇంజనీరు తల దించుకున్నాడు.

అప్పుడే నిపుణురాలు గోడ పట్టుకుని బయటకు వచ్చింది. "ఈ రిపోర్టు రాసిందెవరండీ? మిగతాదంతా నాకు అర్థం కాలేదు గానీ, రికార్డు గది మాత్రం అక్షరాలా నిజం. కింద దూలం చీలింది. ఫైళ్ళ బరువుకు నేల ఎడమ మూల రెండంగుళాలు దిగింది. ఫాల్స్ సీలింగు అడ్డం ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. లోపల ఐదు నిమిషాలుంటే నాకే కళ్ళు తిరిగాయి."

టైపిస్టు నెమ్మదిగా అంది. "ఆ గదిలోకి వెళ్తే నాకూ తిరిగేది సార్. కళ్ళజోడు రెండుసార్లు మార్పించాను."

"నేను టీ మానేశాను," అన్నారెవరో వెనకనుంచి.

"నేను బీపీ అనుకుని పొద్దున్నే నడక మొదలుపెట్టాను," అన్నాడు పెద్దింజనీరు, ఎవరి మొహమూ చూడకుండా. ఎవరికి వారు తమ జబ్బేననుకుని దాచుకున్నారు. ఒక్కడే తారీఖులతో సహా రాసిపెట్టాడు, వాడు కూడా తన జబ్బనుకునే.

నాలుగింటికి పెద్దింజనీరు తన కారులోనే ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి, సాక్ష్యాన్ని స్వయంగా డాక్టరు బల్ల మీద పెట్టాడు. డాక్టరు కథంతా విని, పెన్ను తీసి రికార్డు గదివి ఏడూ కొట్టేశాడు. మిగిలినవి నాలుగు. నాలుగూ మొదటి మూడు వారాల్లోవే.

"అంటే మందు పనిచేసినట్టేనా?" ఇంజనీరు కుర్చీ అంచుకు వచ్చేశాడు.

"చేసి ఉండొచ్చు. ఈ జబ్బు దానంతటదే కొన్నాళ్ళు ఊరుకోవడం కూడా ఉంది. గది లెక్క ఇందులో కలిసిపోయింది కాబట్టి ఇంకో ఆరు వారాలు చూద్దాం."

"ఈయన్ని సైటుకు పంపొచ్చా డాక్టరుగారూ?" అని పెద్దింజనీరు అడిగాడు.

"నిచ్చెన ఎక్కకూడదు. నేల మీద నిలబడి చూడొచ్చు."

"నేల మీద నిలబడే కదండీ ఇవాళ మమ్మల్ని కాపాడాడు! పంపిస్తాను." ఇంజనీరు కళ్ళు చెమర్చాయి. ఆ క్షణంలో చెవి హోరు కూడా ఆయనకు వినపడలేదు.

డాక్టరు చీటీ రాసిచ్చాడు. మొదటి వరుసలో రికార్డు గది దూలం వెంటనే మార్చవలెనని, రెండో వరుసలో మాత్రలు యథాప్రకారమని ఉంది.